డ్రయ్యరు శ్రుతి

"ఇంతటి అలసటను నటించడం ఎవరి తరమూ కాదు. ఆరిపోతున్న ఒక నగరం గొంతు ఇది" అని పేపర్లో ఎవరో పెద్దమనిషి రాశాడు. ఆ ముక్కను గడియారం గొంతు సవరించుకుని మరీ చదివి వినిపిస్తుంటే, వదిన ఆసుపత్రి లాండ్రీలో నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది.

"ఆరిపోతోందా? అయితే కరెంటాఫీసుకు ఫోన్ చెయ్యమను," అంది. "ముందు నువ్వా కొస పట్టుకో."

గడియారం పేపరు చంకలో ఇరికించుకుని దుప్పటి కొస పట్టుకున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ చెప్పిన వేళకు వచ్చిన పాపాన పోలేదు కాబట్టి అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. డ్రమ్ముల ముందు కూర్చుంటే మాత్రం వెంట్రుకవాసి తేడా రాదు. మనిషికున్న వేళాపాళా అంతా ఆ రెండు పుల్లల్లోకే పోయినట్టుంది.

ఇక వదిన. ఆమె నిజానికి ఒక్కడికే వదిన. ఆమె మొగుడి తమ్ముడు చిన్నోడు, బ్యాండులో పాడేవాడు, గిటారు వాయించేవాడు. వాడు పిలవగా పిలవగా గడియారానికీ వదినే అయింది, స్టూడియో వాళ్ళకీ వదినే అయింది, ఆఖరికి రికార్డు అట్ట మీద కూడా "బేస్ గిటారు: వదిన" అనే అచ్చయింది. తన అసలు పేరు వేయలేదని ఆమె ఏమీ బాధపడలేదు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు జీతాల గుమాస్తా తప్ప ఎవరున్నారు కనక?

రికార్డు పేరు "మళ్ళీ పొద్దున్నే". వాళ్ళ మొట్టమొదటి ఆల్బమ్. పోస్ట్-పంక్ అంటారట ఆ బాణీని. ఎప్పుడో పెద్దవాళ్ళ కాలంలో వెలిగి ఆరిన పద్ధతి, ఇప్పుడు మళ్ళీ కుర్రకారు దుమ్ము దులిపి బయటకు తీశారు. గిటారు రేకుల మీద గీరినట్టు ఉంటుంది, వెనక నక్కి ఉండాల్సిన బేస్ ముందుకొచ్చి పాటను చెయ్యిపట్టి నడిపిస్తుంది, పాడేవాడేమో ఏడవకుండా ఏడుస్తుంటాడు. వినగా వినగా బాగానే ఉంటుంది లెండి. ఈ రికార్డును మాత్రం జనం వినగా వినగా కాదు, వింటూనే నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఏడాది వచ్చిన తొలి ఆల్బములన్నిటిలో ఇదే మేటి అని ఒకరు, పదేళ్ళలో ఇలాంటిది రాలేదని ఇంకొకరు. అందరూ మెచ్చుకున్నది మాత్రం ఒక్కదాన్నే, ఆ అలసటను.

నాకు నవ్వొచ్చేది అక్కడే. అలసట కాక మరేముంటుంది? పాట నేర్చుకున్నది ఆసుపత్రి కింది అంతస్తులోని లాండ్రీలో. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి తిట్టిపోయని చోటు ఊరంతా గాలించినా అదొక్కటే దొరికింది. "యంత్రాల మోత కన్నా మీ మోతేమీ ఎక్కువ కాదులే" అని అక్కడి సూపర్‌వైజరు దయతలిచాడు. చిన్నోడు గోడౌన్లో పగలంతా అట్టపెట్టెలు ఎత్తి, దించి, ఎత్తి, నడుం పట్టుకుని వచ్చేవాడు. గడియారం ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళను బయటికి లాగి, గ్రీజు చేతులతో వచ్చేవాడు. వదిన అయితే రావడమేమిటి, అక్కడే ఉండేది. మునుపున్న బేస్ కుర్రాడు ఇక నా వల్ల కాదని మానేసినప్పుడు చిన్నోడు ఆ వాయిద్యం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నాలుగు తీగలే వదినా. దుప్పటికీ నాలుగు కొసలే ఉంటాయి. నువ్వు పట్టుకోలేవా?"

పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు.

ఆ గదిలో అప్పట్లో పెద్ద డ్రయ్యరు ఒకటుండేది, గదిలో సగం దానిదే. అది తిరుగుతుంటే ఒకటే ఘూంకారం, లోతుగా, పొట్టలో వినబడేటట్టు. ఆ మోతలో శ్రుతి చూపించే ట్యూనరు పెట్టి తీగ బిగిస్తే బిగించిన స్వరమూ డ్రయ్యరు స్వరమూ ఒకదాన్నొకటి తోసుకుని చెవుల్లో జోరీగలు దూరినట్టయ్యేది. అందుకని వదిన ఏం చేసిందంటే, ట్యూనరును పక్కన పడేసి, తన లావుపాటి తీగను ఆ డ్రయ్యరుకే శ్రుతి చేసింది. తీగ మోత యంత్రం మోతలో కలిసిపోయి రెండూ ఒకటే అయ్యేదాకా మర తిప్పింది. ఆ తీగను బట్టి మిగతా మూడూ, వాటిని బట్టి చిన్నోడి గిటారూ. స్టూడియోకు వెళ్ళినా అదే శ్రుతి గుర్తుపెట్టుకుని బిగించారు. అక్కడి రికార్డింగు ఆయన తల పట్టుకున్నాడు. "ఇది ఏ స్వరమమ్మా? దీనికీ కిందిదానికీ మధ్యలో ఎక్కడో వేలాడుతోంది," అన్నాడు. "మాకిదే అలవాటండీ," అంది వదిన. ఆ వేలాడే స్వరం గురించే తరవాత ఒకావిడ "మునిగిపోతున్న ఓడలో నిలబడి పాడినట్టు" అని రెండు పేజీలు రాసింది. ఓడా లేదు, గీడా లేదు తల్లీ, డ్రయ్యరది!

సరే, పేరొచ్చింది. రికార్డు కంపెనీ ఒక మేనేజరును పంపింది. చురుకైన పిల్ల, రెండు ఫోన్లు, నోట్లో ఎప్పుడూ "వదినగారూ, ఒక్క నిమిషం". చిన్నోడు గోడౌన్ పని మానేశాడు. వదిన మాత్రం మానలేదు. "పాటలు ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. మాసిన దుప్పట్లు ఎప్పుడూ ఉంటాయి," అంది. పొద్దున షిఫ్టు చేసుకుని సాయంత్రం షోకి వెళ్ళేది.

పని మానేశాక చిన్నోడు ఏం చేశాడు? పడుకున్నాడు. పాపం, ఏళ్ళ తరబడి బాకీ పడ్డ నిద్ర కదా. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు, వేళకు తిన్నాడు, మొహంలోకి రంగు వచ్చింది. వదిన చూసి మురిసిపోయింది. గొంతు కూడా కడిగిన అద్దంలా తేటపడింది. అక్కడే వచ్చింది తంటా. మొదటి రెండు షోలకు వచ్చిన జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రికార్డులో ఉన్నట్టు లేదే అన్నారు. ఒక పేపరువాడు అయితే "గాయకుడు బాగా నిద్రపోయి వచ్చినట్టున్నాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

ఆ ఒక్క ముక్క చిన్నోడి గుండెలో ముల్లులా దిగింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. వీడు ఇంకా ఘనుడు, తన రికార్డును చూసి తనే వాత పెట్టుకున్నాడు.

వదినకు వెంటనే తెలియలేదు. వీడి గొంతు మళ్ళీ మందగించిందనీ, తరవాతి షో అదిరిపోయిందనీ, జనం ఊగిపోయారనీ మాత్రం తెలుసు. ఒకరోజు తెల్లవారుతుండగా షిఫ్టుకు తయారై టీ పెట్టుకుందామని వంటగదిలోకి వెళితే, చిన్నోడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ చన్నీళ్ళ బకెట్లో ఉన్నాయి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏంట్రా ఇది?"

"ఏం లేదు వదినా. నిద్ర రాకుండా."

"నిద్ర రాకుండానా! నిద్ర రాక జనం మాత్రలు మింగుతుంటే నీకిదేం పోయేకాలంరా?"

"సాయంత్రం షో ఉంది కదా. పడుకుంటే గొంతు బాగయిపోతుంది."

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. గొంతు బాగుపడుతుందేమోనని భయపడే పాటగాణ్ణి ఎక్కడైనా చూశామా? బకెట్లోంచి కాళ్ళు లాగి తువ్వాలుతో తుడిచింది. ఆ పాదాలు ఎంత చల్లగా ఉన్నాయంటే ఆమెకు కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

"ఎన్నాళ్ళ నించి?"

"తెలీదు. లెక్క పోయింది."

"చాల్లే ఈ వేషాలు. పడుకో పో."

వాడు లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. తరవాత చాలా నెమ్మదిగా, తప్పు చేసినవాడిలా అన్నాడు.

"ఇప్పుడు పడుకుందామన్నా రావట్లేదు వదినా. మొదట్లో నేనే ఆపుకున్నా. ఇప్పుడు దాన్ని రమ్మంటే రావట్లేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పాట కోసం నిద్ర మానేస్తే నిద్రే వీణ్ణి మానేసింది. డాక్టరు మాత్రలిచ్చాడు. వాడు వేసుకున్నట్టే వేసుకుని ఉమ్మేసేవాడు, పొద్దున గొంతు ఎలా ఉంటుందోనని. లారీ మీద దూరాలు తిరిగే మొగుడికి ఫోన్ చేసి చెబితే, "రెండు తగిలించు, వాడే పడుకుంటాడు," అన్నాడు. మొగుడి వైద్యాలన్నీ అలాగే ఉంటాయి.

రోజులు గడిచేకొద్దీ చిన్నోడు చిక్కి సగమయ్యాడు. చేతిలో కప్పు చేతిలో ఉండగానే జారిపోయేది. పాడుతూ పాడుతూ చరణం మరిచిపోయి నిలబడిపోతే, జనం అదీ పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకరోజు వాడు రోడ్డు దాటుతూ బస్సు కింద పడబోతే గడియారం కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఆ పూట గడియారం వేళకు వచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆరోజు నుంచి వదినకు ఒకటే రంధి. ఈ పిల్లాడు నిద్రపోవాలి, లేదా పోతాడు. మధ్యేమార్గం లేదు.

అప్పుడే పెద్ద షో ఒకటి కుదిరింది. ఊరి నడిబొడ్డున పాత కచేరీ హాలు. ఆల్బమ్ మొత్తం మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వాయించాలి, రేడియోవాళ్ళు నేరుగా ప్రసారం చేస్తారు. ఇది గట్టెక్కితే దేశాలు తిరగడమేనని మేనేజరు పిల్ల కుదురుగా నిలబడలేకపోతోంది.

"వద్దని చెప్పెయ్యి," అంది వదిన చిన్నోడితో.

"ఇదొక్కటీ అయిపోనీ వదినా. దీని తరవాత పడుకుంటా. ఒట్టు."

"ఎవరి మీద?"

"నీ మీదే."

"నా మీద ఒట్లు నాకే అమ్మకు," అంది గానీ, వాడి కళ్ళు చూసి ఇంకేం అనలేకపోయింది. వాడు ఆ రికార్డు కోసం ఎంత దేవులాడాడో ఆమెకు తెలుసు. వాడి నోటిదగ్గరి ముద్ద తనే ఎలా లాగేస్తుంది?

ఇక్కడో సంగతి చెప్పాలి. అత్తామామలు ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు చిన్నోడు బడిలో చేరే వయసువాడు. కొత్తగా కాపురానికొచ్చిన వదిన చేతికి వచ్చాడు. మొగుడు లారీ మీద ఉండేవాడు, పిల్లాణ్ణి ఒంటరిగా ఇంట్లో వదిలే వీల్లేక లాండ్రీకి వెంట తీసుకుపోయేది. అమ్మ పోయిన పిల్లాడు, కన్ను మూసేవాడు కాదు. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. ఒకనాడు విసిగిపోయి, డ్రయ్యరులోంచి అప్పుడే తీసిన వెచ్చటి దుప్పట్ల గుట్ట మీద పడేసి, ఇంకో విడత దుప్పట్లు లోపలేసి మీట నొక్కింది. ఆ ఘూంకారం మొదలవడం, వీడు గుప్పెట్లు విప్పేసి నిద్రలో పడిపోవడం. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు. అప్పట్నించి అదే వాడి జోలపాట. ఒకటే ఇబ్బంది. డ్రయ్యరు ఆగిందంటే చాలు, పిల్లాడు ఠక్కున కళ్ళు తెరిచేవాడు. తెరిచి, "అయిపోయిందా వదినా? ఇంటికెళ్దామా?" అని అడిగేవాడు. ఇంకా పని మిగిలుంటే ఆమె దుప్పటి ముక్క ఏదో ఒకటి లోపల పడేసి, "ఇంకా అవలేదులే, పడుకో," అని మళ్ళీ మీట నొక్కేది. ఖాళీ యంత్రం తిప్పిందని తిట్లు కూడా తిన్నది.

ఆ మధ్య చిన్నోణ్ణి లాండ్రీకి తీసుకెళ్ళి చూద్దామని ఆమెకు తోచకపోలేదు. కానీ ఆ పెద్ద డ్రయ్యరును తీసేసి, గోడకు వరసగా చిన్నవి బిగించారు. సన్నగా ఈలవేసినట్టు తిరుగుతాయవి, దేనికీ పనికిరావు.

షో రోజు వదిన పొద్దున షిఫ్టు దిగి, అటునుంచటే హాలుకు వెళ్ళింది. నడుం విరిగిపోతోంది. హాలు ఖాళీగా ఉంది, మధ్యాహ్నపు ఎండ పై కిటికీల్లోంచి కుర్చీల మీద పడుతోంది. ముందు వరసలు తీసేసి నిలబడి చూసేవాళ్ళకు చోటు వదిలారు. చిన్నోడు స్టేజీ మీద ఆమె స్పీకరు పెట్టెకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడనడం తప్పు, పెట్టె నిలబెట్టింది. సౌండు చూసే ఆయన కింద మీటల బల్ల దగ్గర నుంచి కేకేశాడు.

"ముందు బేస్ ఒక్కటే ఇవ్వండమ్మా. లావు తీగ. ఆపమనేదాకా ఆపకండి, హాల్లో ఎక్కడో అదురుతోంది, చూసుకోవాలి."

ఆమె లావు తీగను వదులుగా మీటడం మొదలుపెట్టింది. డ్రయ్యరు శ్రుతి. ఖాళీ హాల్లో ఆ మోత నేలబారుగా వెళ్ళి గోడలకు తగిలి తిరిగొచ్చింది, చెక్క స్టేజీ అంతా సన్నగా వణికింది. ఒకటే స్వరం, ఆపకుండా, మీటు మీద మీటు. ఆయన అక్కడేదో తిప్పుతూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి పక్కన ఏదో జారిన చప్పుడైంది. చూస్తే చిన్నోడు స్పీకరు పెట్టెకు వీపానించి మెల్లగా కిందికి జారుతున్నాడు. ముందు కూర్చున్నాడు. తరవాత పక్కకు ఒరిగాడు. పడిపోయాడేమోనని ఆమె వంగి చూసింది. పడిపోలేదు. గుప్పెట్లు విచ్చుకుని ఉన్నాయి.

"చాలమ్మా, బాగుంది," అన్నాడు సౌండు ఆయన.

ఆమె చెయ్యి ఆపింది. చిన్నోడి కనురెప్పలు కదిలాయి. అమ్మో! వెంటనే మళ్ళీ తీగ మీటింది. రెప్పలు నిలిచాయి. చిన్నగా గురక మొదలైంది.

"చాలన్నా కదమ్మా."

"మీకు చాలు," అంది వదిన.

గడియారం డ్రమ్ముల వెనక నుంచి మెడ చాపి చూశాడు. అతనికి విడమరచి చెప్పనక్కర్లేదు, లాండ్రీ ఎరిగినవాడు. చప్పుడు చెయ్యకుండా దిగివచ్చి, డ్రమ్ముల కింద పరిచే మందపాటి దుప్పటి లాగి చిన్నోడికి కప్పాడు. తల కింద తన కోటు పెట్టాడు. వెళ్ళి మళ్ళీ కూర్చుని, పెద్ద డ్రమ్మును కాలితో అతి మెత్తగా తొక్కడం మొదలుపెట్టాడు. తడి దుప్పట్లు డ్రయ్యరులో పైకెళ్ళి కిందికి దొర్లినప్పుడు ఉండే చప్పుడు. ధబ్... ధబ్. అచ్చం అదే.

సాయంత్రం మేనేజరు పిల్ల వచ్చేసరికి వీళ్ళిద్దరూ అలా వాయిస్తూనే ఉన్నారు.

"వదినగారూ, ఒక్క నిమిషం. తలుపులు తీస్తున్నారు. చిన్నోడుగారు ఏరీ?"

వదిన గడ్డంతో కిందికి చూపించింది.

"అయ్యో! లేపండి!"

"చెయ్యి వేశావంటే ఊరుకోను."

"రేడియోవాళ్ళు సిద్ధంగా ఉన్నారండీ! నేరుగా వెళ్తుంది! జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు. నేనేం చెప్పను వాళ్ళకి?"

"గొంతు తగ్గించు. ఏమీ చెప్పకు."

"ఆల్బమ్ కోసం వచ్చారండీ వాళ్ళు!"

"మా చిన్నోడు పోతే ఇంకో ఆల్బమ్ ఎవరు చేస్తారమ్మా, నువ్వు చేస్తావా?" అంది వదిన. గొంతు పెంచకుండా, చెయ్యి ఆపకుండా అన్న మాట అది. ఆ పిల్ల చూసింది. వదిన మొహం చూసింది, నేల మీది మొహం చూసింది. మేనేజరైనా మనిషే కదా. రెండు ఫోన్లూ తీసి నోరు నొక్కేసి, జేబులో వేసుకుని, స్టేజీ పక్కన ఒక పెట్టె మీద కూలబడింది.

తలుపులు తెరిచారు. జనం బిలబిలమంటూ లోపలికొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాట తగ్గించారు. స్టేజీ మీద లాండ్రీ యూనిఫారంలో ఒక నడివయసు ఆడమనిషి, బట్టలు మార్చుకోవడానికి కూడా వీలుపడనిది, ఒకే తీగను ఒకేలా మీటుతోంది. వెనక ఒకాయన కాలితో ధబ్ ధబ్‌మనిపిస్తున్నాడు. మధ్యలో మైకు ఖాళీ. ఇది మొదలేమో అనుకున్నారు. కాసేపటికి ఇదే మధ్యేమో అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు విసుక్కుని వెళ్ళిపోయారు. ఎవరో "పాడండి!" అని కేకేస్తే, పక్కవాళ్ళే ఉష్‌మన్నారు. తరవాత ఒక్కొక్కరే కింద కూర్చున్నారు. పాపం వాళ్ళూ ఎక్కడెక్కడో పనులు చేసుకుని వచ్చినవాళ్ళే కదా, ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చారు. మర్నాడు పేపర్లవాళ్ళు దీన్ని ఏదేదో అన్నారు. సాహసం అన్నారు, ఒకే స్వరంలో ఆల్బమ్ సారమంతా పిండారన్నారు. రాసుకోనివ్వండి. వాళ్ళ పని వాళ్ళది.

వదినకు అవేమీ పట్టలేదు. ఆమెకు చెయ్యి నొప్పి. వేళ్ళ చివర చర్మం లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎవరో తాడు బిగించినట్టుంది. తెల్లవారకముందు లేచిన మనిషి, పొద్దున్నించీ కాళ్ళ మీదే ఉంది. కింద జనం పడుకున్నారు, పక్కన వీడు పడుకున్నాడు, ఊరు ఊరంతా పడుకున్నట్టే ఉంది. ఆమెకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. అందర్నీ నిద్రపుచ్చడానికి తనొకతె దొరికింది. తన కోసం డ్రయ్యరు ఎవరు తిప్పుతారు? పెళ్ళై వచ్చిన నాటి నుంచి "నువ్వు పడుకో, నేను చూసుకుంటా" అని ఒక్క మనిషి అన్నాడా? అంతలోనే భయం. వీడు లేచాక ఏమంటాడో. బతుకులో ఒక్కసారి వచ్చే షో, తన వదిన చేతులారా పాడుచేసిందని ఇక జన్మలో మొహం చూడడేమో. చూడకపోతే మానె, బతికి ఉంటే చాలు అనుకుంది. అనుకుని, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేసింది.

కిటికీల్లో వెలుగు పోయింది. స్టేజీ దీపాలొక్కటే మిగిలాయి. రేడియో మనిషి రెండుసార్లు వచ్చి, మేనేజరు పిల్ల మొహం చూసి, తిరిగి వెళ్ళిపోయాడు. ప్రసారం మాత్రం నడుస్తూనే ఉంది. వదిన రెండో వేలు మార్చింది, మూడో వేలు మార్చింది, చివరికి బొటనవేలితో మీటింది. అదీ మొద్దుబారింది. చెయ్యి తనది కాకుండా పోయి, తీగ మీదనే బిగుసుకుపోయింది.

మోత ఆగింది.

గడియారం కాలు కూడా ఆగిపోయింది. స్పీకరు పెట్టె ముందర ఉన్న మైకులోంచి, హాలుకీ రేడియో వినేవాళ్ళకీ అందరికీ వినబడేటట్టు, నిద్రమత్తులో ఒక గొంతు వచ్చింది.

"అయిపోయిందా వదినా? ఇంటికెళ్దామా?"

వదిన మెడలో బేస్‌తో సహా వాడి పక్కన దుప్పటి మీద కూలబడింది. చిన్నోడు మోచేతి మీద లేచాడు. కళ్ళు నులుముకుని హాలు చూశాడు. కూర్చున్న జనాన్ని చూశాడు. స్టేజీ దీపాలు చూశాడు. అంతా ఒక్కొక్కటిగా వాడికి తెలిసొస్తుంటే వదిన చూస్తూ ఉంది. తిట్టనీ, ఏమైనా అననీ అని కాచుకుంది.

వాడు బిగుసుకుపోయిన ఆమె చెయ్యి అందుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. చివర్లు చూశాడు. అప్పుడు పట్టీ ఆమె మెడలోంచి తప్పించి, బేస్ తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఇంకా అవలేదులే," అన్నాడు. "పడుకో."

లావు తీగ మీటాడు. గడియారం కాలు మళ్ళీ కదిలింది. గడియారం కోటు మీద తల పెట్టుకున్న వదినకు ఆ మోత చెక్కల్లోంచి ఒంట్లోకి ఎక్కింది. ఇంతసేపు మీటీ మీటీ తీగ కొంచెం సడలినట్టుంది, డ్రయ్యరు శ్రుతికి కాస్త కిందికి దిగింది. వాడికి చెప్పి సరిచేయించాలి అనుకుంటూనే ఆమె నిద్రపోయింది.